పాత స్పోర్ట్స్ కారు బ్రేకులను మెరుగుపరచడం: హైదరాబాదు యజమానుల కోసం సమగ్ర మార్గదర్శి

దోమలపెంట దాటి కృష్ణ వైపు దిగే శ్రీశైలం ఘాట్ మలుపుల్లో ఒక మధ్యాహ్నం నా 2002 నాటి హోండా సిటీ విటెక్ బ్రేక్ పెడల్ పాదం కింద ఉన్నట్టుండి మెత్తబడిపోయింది. రెండో గేరులోకి దించి, హ్యాండ్ బ్రేకును కొద్దికొద్దిగా లాగుతూ, రోడ్డు అంచున మట్టి మీదికి తెచ్చి బండి ఆపగలిగాను. ముందు చక్రాల దగ్గర కాలిన ప్యాడ్ల ఘాటు వాసన వస్తోంది. అరగంట నీడన నిలబెట్టాక పెడల్ తొక్కితే, ఏమీ జరగనట్టే మళ్ళీ గట్టిగా నిలిచింది. వేడెక్కినప్పుడు మెత్తబడి, చల్లారగానే గట్టిపడే పెడల్ ఒకే ఒక్క సంగతి చెబుతుంది: లోపల బ్రేక్ ఆయిల్ మరిగి, ఆవిరి బుడగలు కట్టింది.

హైదరాబాదుకు తిరిగి వచ్చాక ఒక వర్క్‌షాపులో చూపిస్తే, పెద్ద డిస్కులు, నాలుగు పిస్టన్లతో ప్యాడ్లను డిస్కుకు అదిమే క్యాలిపర్లు వేయించుకోమని పెద్ద అంచనా రాసిచ్చారు. డబ్బు కట్టే ముందు నేనే ఇంటి దగ్గర చక్రం విప్పి, ముందు క్యాలిపర్ నిప్పల్ (లోపలి ఆయిల్, గాలి బయటికి తీసే చిన్న మర) వదులు చేసి చూశాను. వచ్చిన ఆయిల్ మరీ చిక్కటి టీ డికాక్షన్ రంగులో ఉంది. ఆ ఆయిల్‌ను, ఇరవయ్యేళ్ళ నాటి రబ్బరు హోసులను, క్యాలిపర్ సీళ్ళను, ప్యాడ్లను మార్చాక అదే ఘాట్‌లో అదే బరువుతో దిగాను. పెడల్ ఎక్కడా తగ్గలేదు. పాత కారు బ్రేకులను మెరుగుపరచడమంటే మొదట వాటిని కొత్తప్పటి స్థితికి తీసుకురావడమేననీ, పెద్ద డిస్కుల సంగతి ఆ తరువాతే ఆలోచించాలనీ నేను గట్టిగా నమ్మేది ఈ అనుభవం వల్లనే. ఈ మార్గదర్శిలోని దశలన్నీ ఆ వరుసలోనే ఉంటాయి.

మన దగ్గర పాత స్పోర్ట్స్ కారు అంటే రెండు సీట్ల బండ్లకంటే ఎక్కువగా హోండా సిటీ విటెక్, ఫియట్ పాలియో 1.6, మిత్సుబిషి లాన్సర్, స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ వంటి వేగవంతమైన కార్లే. వీటిలో కొన్నింటికి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, మరికొన్నింటికి నాలుగు వైపులా డిస్కులు ఉంటాయి. కింద చెప్పిన పద్ధతి రెండింటికీ వర్తిస్తుంది. బిగింపు కొలతలు, ఆయిల్ లైన్ల నుంచి గాలి తీసే వరుస, డిస్కు కనీస మందం వంటి వివరాలను మాత్రం మీ కారు సర్వీస్ మాన్యువల్ నుంచే తీసుకోవాలి.

బ్రేకు చేసే పని వేడిని భరించడం

కదిలే కారులోని శక్తిని బ్రేకు వేడిగా మారుస్తుంది, ఆ వేడిని గాలిలోకి వదులుతుంది. డ్రైవరుతో కలిపి 1100 కిలోల బరువున్న కారు గంటకు 60 కి.మీ. వేగంలో ఉన్నప్పుడు దానిలో సుమారు 153 కిలోజౌళ్ళ శక్తి ఉంటుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద అనుమతించిన గరిష్ఠ వేగమైన 120 కి.మీ. వద్ద అది 611 కిలోజౌళ్ళు అవుతుంది. వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుందన్నమాట. గది వేడిమిలో ఉన్న రెండు లీటర్ల నీళ్ళను మరిగే స్థాయికి తేవడానికి దాదాపు అంత శక్తి కావాలి, దాన్ని మీ బ్రేకులు నాలుగైదు సెకన్లలో మింగాలి.

ఇందులో దాదాపు 70 శాతం ముందు చక్రాల మీద పడుతుంది, ఎందుకంటే బ్రేకు వేయగానే బరువు ముందుకు వాలుతుంది. ఒక్కొక్కటి ఐదు కిలోలున్న రెండు ఇనుప డిస్కులు ఆ వాటాను తీసుకుంటే, 120 నుంచి ఒక్కసారి ఆగడానికి వాటి వేడిమి సుమారు 90 డిగ్రీలు పెరుగుతుంది. ఒక్కసారి ఆగడం ఏ పాత కారుకైనా పెద్ద పరీక్ష కాదు. వెంటవెంటనే ఐదారుసార్లు ఆగవలసి వచ్చినా, ఎత్తైన ఘాట్‌లో నిండు బరువుతో దిగవలసి వచ్చినా అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది. అదే కారు 400 మీటర్ల ఎత్తు దిగితే సుమారు 4300 కిలోజౌళ్ళు, అంటే 120 నుంచి ఏడుసార్లు ఆగినంత శక్తి బయటికి పోవాలి. అందులో ఇంజిన్ బ్రేకింగ్‌కు మీరు ఎంత అప్పగిస్తే బ్రేకులకు అంత విశ్రాంతి.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. కారు ఎంత దూరంలో ఆగుతుందన్నది చివరికి టైరుకు, రోడ్డుకు మధ్య ఉన్న పట్టే నిర్ణయిస్తుంది. పొడి తారు మీద మంచి టైర్లతో 60 నుంచి ఆగడానికి సుమారు 18 మీటర్లు, 120 నుంచి సుమారు 70 మీటర్లు పడుతుంది, మీ కాలు పెడల్ మీదికి చేరే లోపు కారు సాగిన దూరం దీనికి అదనం. మీ ప్రస్తుత బ్రేకులు చక్రాన్ని లాక్ చేయగలిగితే, అంటే తిరగకుండా పూర్తిగా పట్టేయగలిగితే, ఒక్కసారి ఆగే దూరాన్ని పెద్ద డిస్కు తగ్గించలేదు. ఎన్నిసార్లు వరుసగా అలా ఆగగలరన్నదాన్నే పెంచుతుంది. అందువల్ల ఏ పనీ మొదలుపెట్టక ముందే టైరు పక్కగోడ మీద ఉన్న నాలుగంకెల తయారీ ముద్ర చూడండి. మొదటి రెండంకెలు వారాన్ని, తరువాతి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. పైకి గాడులు కనిపిస్తున్నా, ఎండలో ఏళ్ళ తరబడి నిలిచి గట్టిపడిన టైర్లను అలాగే ఉంచి బ్రేకుల మీద ఖర్చు పెట్టడం తప్పు వరుస.

చట్టం ఏమి అనుమతిస్తుంది

మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన మూల వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయాన్ని స్పష్టం చేసింది. పదిహేనేళ్ళు నిండిన సొంత కారు రిజిస్ట్రేషన్‌ను తనిఖీ తరువాతే ఐదేసి సంవత్సరాల చొప్పున పొడిగిస్తారు, అప్పుడు బ్రేకులు కూడా పరీక్షకు వస్తాయి. కొత్త ప్యాడ్లు, అదే కొలత డిస్కులు, సీళ్ళు, హోసులు, ఆయిల్ మామూలు మరమ్మతు భాగాలే. పెద్ద క్యాలిపర్లు, వాటి కోసం ప్రత్యేకంగా చేయించిన బ్రాకెట్లు ఆ గీతను దాటవచ్చు కాబట్టి, అటువంటి పని తలపెట్టేవారు ముందే ఆర్టీఏ (రవాణా శాఖ) కార్యాలయంలోనూ బీమా సంస్థ వద్దనూ రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

మొదటి దశ: విప్పకముందే రోగం కనుక్కోవడం

ఇంజిన్ ఆపి, పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కి, గట్టిగా అదిమి పట్టుకుని ఇంజిన్ స్టార్ట్ చేయండి. పెడల్ కొద్దిగా కిందికి దిగితే, కాలి బలానికి తోడయ్యే బూస్టర్ పని చేస్తున్నట్టు. దిగకపోతే వాక్యూమ్ పైపును, అందులోని చెక్ వాల్వును చూడాలి. తరువాత ఇంజిన్ నడుస్తుండగానే పెడల్‌ను నిలకడగా అదిమి ఒక నిమిషం ఉంచండి. అది మెల్లమెల్లగా నేలవైపు జారుతూ ఉండి, బయట ఎక్కడా ఆయిల్ కారకపోతే, పెడల్ ఒత్తిడిని ఆయిల్‌కు అందించే మాస్టర్ సిలిండర్ లోపలి సీళ్ళు అరిగిపోయాయని అర్థం. పెడల్ స్పాంజిలా ఉండి, రెండుసార్లు తొక్కితే పైకి వస్తుంటే లైనులో గాలి చేరింది, లేదా వెనక డ్రమ్ముల లోపల రాసుకునే షూల అడ్జస్ట్‌మెంటు బాగా వదులైంది.

ఒక పది కిలోమీటర్లు మామూలుగా నడిపి వచ్చి నాలుగు చక్రాల దగ్గరా చేయి దగ్గరగా పెట్టి చూడండి, లోహాన్ని మాత్రం తాకవద్దు. ఒక చక్రం మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు వదలడం లేదు. దానికి పట్టేసిన పిస్టనో, క్యాలిపర్‌ను జారనిచ్చే స్లైడ్ పిన్ను ఎండిపోవడమో కారణం కావచ్చు. చాలామంది మెకానిక్కులు ఊహించని మూడో కారణం కూడా ఉంది. పాత రబ్బరు హోసు లోపలి పొర ఉబ్బి, ఒత్తిడితో ఆయిల్‌ను లోపలికి పోనిస్తుంది గాని వెనక్కి రానివ్వదు. అప్పుడు బ్రేకు పట్టింది పట్టినట్టే ఉంటుంది. బ్రేకు పట్టి ఉన్నప్పుడు నిప్పల్ కొద్దిగా వదులు చేయగానే చక్రం సులువుగా తిరిగితే, ఒత్తిడి హోసులోనో దానికి పైనో చిక్కుకుందని తేలుతుంది. నిప్పల్ వదిలినా చక్రం పట్టేసే ఉంటే తప్పు క్యాలిపర్‌దే.

రిజర్వాయర్ మూత విప్పి దాని లోపలి రబ్బరును కూడా చూడాలి. నా మిత్రుడి పాలియోకు ఒక చోట పవర్ స్టీరింగ్ ఆయిల్‌ను బ్రేక్ రిజర్వాయర్‌లో పోశారు. రెండు వారాల్లో మూతలోని రబ్బరు ఉబ్బి తిరిగి దాని గాడిలో కూర్చోవడం మానేసింది. అది కనిపించిందంటే మాస్టర్ సిలిండర్ నుంచి, డ్రమ్ముల్లో షూలను నెట్టే వెనక వీల్ సిలిండర్ల వరకు ఉన్న ప్రతి రబ్బరూ అదే గతి పట్టిందని అర్థం, ఎందుకంటే బ్రేక్ సీళ్ళకు వాడే రబ్బరు పెట్రోలియం నూనె తగిలితే ఉబ్బుతుంది. అప్పుడు ఆయిల్ ఒక్కటి మారిస్తే చాలదు, అన్ని సీళ్ళనూ హోసులనూ మార్చి, లోహపు పైపులను శుభ్రం చేయాల్సిందే. ఆ కారుకు మేము అలాగే చేయవలసి వచ్చింది.

రెండో దశ: సామాను సమకూర్చుకోవడం

రాణిగంజ్ దుకాణాల్లో, ఆటోనగర్‌లో చాలా పాత మోడళ్ళకు సీల్ కిట్లు, హోసులు, ప్యాడ్లు ఇప్పటికీ దొరుకుతాయి. కారు పేరు చెప్పడంకంటే పాత భాగాన్ని చేత్తో పట్టుకుని వెళ్ళడం మేలు, ఎందుకంటే ఒకే మోడల్‌కు ఏడాదిని బట్టి రెండు రకాల క్యాలిపర్లు వచ్చిన సందర్భాలు ఉంటాయి. చాలా చౌకగా, ముద్ర సరిగా లేని పెట్టెలో ఇచ్చే ప్యాడ్లను, ఆయిల్‌ను తీసుకోకండి. మిగతా భాగాలలో పొదుపు చేసినా ఈ రెంటిలో చేయకూడదు.

ప్యాడ్ అంచున లేదా వెనక ముద్రించిన కోడ్ చివర రెండక్షరాలు ఉంటాయి. మొదటిది మామూలు వేడిమిలోని ఘర్షణను, రెండోది బాగా వేడెక్కినప్పటి ఘర్షణను చెబుతుంది. ‘ఇ’ అంటే 0.25 నుంచి 0.35, ‘ఎఫ్’ అంటే 0.35 నుంచి 0.45, ‘జి’ అంటే 0.45 నుంచి 0.55. నగరంలోనూ ఘాట్‌లోనూ నడిచే కారుకు ‘ఎఫ్ఎఫ్’ లేదా ‘జిఎఫ్’ తరగతి ప్యాడ్లు చక్కగా సరిపోతాయి. రేసు ట్రాక్ కోసం చేసిన ప్యాడ్లు వేడెక్కితేనే పట్టుకుంటాయి. ఉదయం అమీర్‌పేట సిగ్నల్ దగ్గర మొదటిసారి బ్రేకు వేసినప్పుడు అవి చల్లగా ఉంటాయి, ఆ క్షణంలో మీ పాత ప్యాడ్లకంటే తక్కువగా పట్టుకుంటాయి. వాటిని రోడ్డు కారుకు వేయడాన్ని నేను సమర్థించను.

బ్రేక్ ఆయిల్ విషయంలో డాట్ 3 కనీస మరుగు వేడిమి కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీలు, తేమ పీల్చాక 140 డిగ్రీలు. డాట్ 4కు అవి 230, 155. డాట్ 5.1కు 260, 180. ఈ మూడూ ఒకే గ్లైకాల్ కుటుంబానికి చెందినవి, గాలిలోని తేమను పీల్చుకుంటాయి, కారు పెయింటును తినేస్తాయి. డాట్ 5 అన్నది వేరే జాతి. అది సిలికాన్ నూనె, పై మూడింటిలో దేనితోనూ కలపకూడదు. పేరులో ఒక్క అంకె తేడా చూసి పొరపడేవారు ఉన్నారు గనుక దుకాణంలో సీసా మీద రెండుసార్లు చదవండి. రోడ్డు కారుకు డాట్ 4 చాలు. చిన్న సీసాలే కొనండి, మూత తీసి నెలల తరబడి షెల్ఫ్‌లో పెట్టిన ఆయిల్ అప్పటికే తేమ పీల్చి ఉంటుంది.

వీటితోపాటు హోసును క్యాలిపర్‌కు బిగించే బ్యాంజో బోల్టులకు కొత్త రాగి వాషర్లు, బ్రేక్ క్లీనర్, స్లైడ్ పిన్నులకు సిలికాన్ గ్రీజు, సీళ్ళకు రబ్బరు గ్రీజు, పైపు నట్టును చుట్టూ పట్టుకునే ఫ్లేర్ నట్ పానా, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచ్ కావాలి. మామూలు పానాతో పాత పైపు నట్టును విప్పబోతే దాని మూలలు గుండ్రంగా అరిగిపోతాయి, ఆ తరువాత పైపు కోయడం తప్ప దారి ఉండదు. రెండు రోజుల ముందు నుంచే ఆ నట్ల మీద తుప్పు వదిలే ద్రవాన్ని పూటకోసారి చల్లుతూ ఉండండి.

మూడో దశ: కారును ఎత్తడం

బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ వంటి చోట్ల ఇళ్ళ ముందు నేల వాలుగా ఉంటుంది. అటువంటి చోట ఈ పని చేయవద్దు, చదునైన సిమెంటు నేల వెతుక్కోండి. నేల మీద ఉన్న చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టి, జాకీతో ఎత్తి, రెండు వైపులా స్టాండ్ల మీద కూర్చోబెట్టండి. జాకీ మీద నిలిచిన కారు కిందికి చేయి పెట్టవద్దు. సిమెంటు ఇటుకలను ఆధారంగా వాడవద్దు, బరువు పడితే అవి హెచ్చరిక లేకుండా పగులుతాయి.

నాలుగో దశ: డిస్కులు, క్యాలిపర్లు

పాత ప్యాడ్లలో, షూలలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి ఆ నల్లటి పొడిని కంప్రెసర్ గాలితో ఊదకండి. మాస్కు కట్టుకుని, బ్రేక్ క్లీనర్‌తో తడిపి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూటకట్టి పారేయండి.

క్యాలిపర్‌ను విప్పాక హోసు మీద వేలాడనివ్వకుండా తీగతో స్ప్రింగుకు కట్టండి. డిస్కు మీద లేదా దాని టోపీ భాగంలో కనీస మందం అంకె పోతపోసి ఉంటుంది. మైక్రోమీటర్‌తో డిస్కు చుట్టూ ఎనిమిది చోట్ల కొలిచి, దానితో పోల్చండి. దగ్గరికి వచ్చిందంటే లేత్ మీద నునుపు చేయించడం కాదు, మార్చడమే. మందం మిగిలి ఉండి, గీతలు మాత్రమే పడితే బాలానగర్‌లోని లేత్ షాపుల్లో నునుపు చేయించవచ్చు; డిస్కును ఒక్కసారి బిగించి రెండు ముఖాలనూ అదే అమరికలో నునుపు చేయమని చెప్పి, దగ్గర నిలబడి చేయించండి. తిప్పి బిగించి రెండో ముఖం నునుపు చేస్తే రెండు ముఖాలూ సమాంతరంగా రావు.

బ్రేకు వేసినప్పుడు స్టీరింగ్ వణికితే డిస్కు వంగిందని అంటారు. నిజానికి అది వంగడం అరుదు. డిస్కునూ చక్రాన్నీ మోసే హబ్ ముఖం మీద తుప్పు పెచ్చు ఉండగా డిస్కు బిగిస్తే అది ఇసుమంత వాలి తిరుగుతుంది, ప్రతి చుట్టులోనూ ప్యాడ్ ఒకే చోట రాసుకుని అక్కడ మందం తగ్గుతుంది. ఆ మందం తేడాయే వణుకు. అందుకే కొత్త డిస్కు పెట్టే ముందు హబ్ ముఖాన్ని తీగ బ్రష్‌తో, ఎమరీ కాగితంతో లోహం మెరిసేదాకా శుభ్రం చేయాలి. నేను దీనికి చక్రానికి పావుగంట కేటాయిస్తాను. తరువాత డిస్కును చక్రం నట్లతో బిగించి, డయల్ గేజ్ పెట్టి తిప్పి చూడండి, ఊగిసలాట 0.1 మి.మీ. దాటకూడదు, 0.05 లోపు ఉంటే మరీ మంచిది. దాటితే డిస్కును హబ్ మీద ఒక్కో రంధ్రం జరిపి మళ్ళీ కొలవండి, చాలాసార్లు అంతటితోనే సరిపోతుంది.

రంధ్రాలు పొడిచిన డిస్కులు చూడడానికి బాగుంటాయి గాని, పదేపదే వేడెక్కి చల్లారితే ఆ రంధ్రాల చుట్టే పగుళ్ళు మొదలవుతాయి. మధ్యలో గాలి దారులున్న సాదా డిస్కు రోడ్డు కారుకు సరైనది.

క్యాలిపర్‌కు సీల్ కిట్ వేయాలంటే పిస్టన్‌ను బయటికి తీయాలి. పంక్చరు షాపు గాలి పెట్టి నెట్టించేటప్పుడు ఎదుట చెక్కముక్క పెట్టి, వేళ్ళు దూరంగా ఉంచండి, పిస్టన్ తుపాకి గుండులా వస్తుంది. పిస్టన్ మీది క్రోమ్ పొర లేచిపోయి చిన్న గుంట కనిపించినా దాన్ని వాడకండి, ఆ గుంటే కొత్త సీలును కోస్తుంది. సీలు కూర్చునే గాడిలోని తుప్పును ప్లాస్టిక్ పుల్లతో గీకి, బ్రేక్ ఆయిల్‌తోనే కడగండి. పెట్రోలుతో గాని డీజిల్‌తో గాని కడిగితే పైన చెప్పిన పాలియో కథే పునరావృతమవుతుంది. కొత్త చతురస్రాకార సీలును రబ్బరు గ్రీజు రాసి, మెలి పడకుండా గాడిలో కూర్చోబెట్టండి. బ్రేకు వదిలినప్పుడు పిస్టన్‌ను వెనక్కి లాగేది వేరే స్ప్రింగు ఏదీ కాదు, సాగి తిరిగి వచ్చే ఆ సీలే. కాబట్టి పాత గట్టిపడ్డ సీలుతో బ్రేకు ఎప్పుడూ పూర్తిగా వదలదు.

స్లైడ్ పిన్నులను తుడిచి, పలచగా సిలికాన్ గ్రీజు రాసి, చేత్తో నెడితే జారేలా ఉన్నాయో లేదో చూడండి. ప్యాడ్ ముఖానికి, డిస్కుకు గ్రీజు తగలకూడదని వేరే చెప్పనక్కరలేదు.

ఐదో దశ: హోసులు, పైపులు

నేను పెట్టిన ఖర్చులో పెడల్ అనుభూతిని అత్యధికంగా మార్చినవి హోసులే. కొత్త రబ్బరు హోసులతోనే పెడల్ బిగుసుకుంటుంది. స్టీలు జాలీ అల్లిన హోసులు ఒత్తిడికి ఇంకా తక్కువ ఉబ్బుతాయి. అటువంటివి కొంటే ఒత్తిడి పరీక్ష చేసి అమ్మినవే కొనండి, స్థానికంగా నొక్కి చేసిన వాటిని బ్రేకులకు వాడవద్దు. బిగించాక స్టీరింగ్‌ను రెండు చివరలకూ తిప్పి, చక్రాన్ని పైకీ కిందికీ ఆడించి, హోసు ఎక్కడా లాగబడడం లేదనీ, టైరుకు తగలడం లేదనీ నిర్ధారించుకోండి. బ్యాంజో బోల్టుకు రెండు వైపులా కొత్త రాగి వాషర్లు వేయాలి. లోహపు పైపు తుప్పు పట్టి ఉంటే రాగి-నికెల్ మిశ్రమ పైపు వేయించండి, వట్టి రాగి పైపు అదురుకు కాలక్రమేణా గట్టిపడి పగులుతుంది. పైపు చివర విప్పారిన అంచు (ఫ్లేరు) రెండు మడతలదా, బుడగ ఆకారపుదా అన్నది పాతదానితో సరిగ్గా సరిపోవాలి, ఒకదాని చోట ఇంకొకటి బిగిస్తే ఎంత బిగించినా కారుతుంది.

ఆరో దశ: వెనక డ్రమ్ములు

ముందు బ్రేకుల మీద వేలు ఖర్చు పెట్టి వెనక డ్రమ్ములను విప్పనైనా విప్పని యజమానులు చాలామంది ఉన్నారు. వీల్ సిలిండర్ దుమ్ము కప్పును వేలితో పైకెత్తితే లోపల తడి కనిపిస్తే ఆ సిలిండర్ కారుతున్నట్టే. ఆయిల్ తడిసిన షూలను కడిగి వాడడం కుదరదు, మార్చాలి. తనంతట తాను సర్దుకునే అడ్జస్టర్ తుప్పు పట్టి ఆగిపోతే షూకూ డ్రమ్ముకూ మధ్య ఎడం పెరిగి, పెడల్ సగం దూరం వృథాగా పోతుంది. దాన్ని విప్పి, పళ్ళు శుభ్రం చేసి, ఎడమ కుడి మారకుండా బిగించి, డ్రమ్ము సన్నగా రాసుకునే శబ్దం వచ్చేదాకా సర్దండి. హ్యాండ్ బ్రేకు కేబులు సర్దడం దీని తరువాతే చేయాలి.

ఏడో దశ: ఆయిల్ మార్చి గాలి తీయడం

పాత మాస్టర్ సిలిండర్ ఉన్నవారు ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి: పెడల్‌ను నేలదాకా తొక్కవద్దు. రోజూ నడిపేటప్పుడు లోపలి సీళ్ళు సిలిండర్ మొదటి భాగంలోనే తిరుగుతాయి, చివరి భాగంలో ఏళ్ళ నాటి తుప్పు పేరుకుని ఉంటుంది. గాలి తీసేటప్పుడు పెడల్‌ను పూర్తిగా తొక్కితే సీళ్ళు ఆ తుప్పు మీద రాసుకుని చిరుగుతాయి. నిన్నటి వరకు బాగున్న మాస్టర్ సిలిండర్ ఆయిల్ మార్చిన మర్నాడే చెడిపోవడానికి కారణం చాలాసార్లు ఇదే. పెడల్ కింద ఒక చెక్కముక్క పెడితే ఈ ప్రమాదం ఉండదు.

రిజర్వాయర్‌లోని పాత ఆయిల్‌ను సిరంజితో తీసేసి కొత్తది నింపండి. నిప్పల్‌కు పారదర్శకమైన గొట్టం తొడిగి, దాని చివరను కాస్త ఆయిల్ పోసిన సీసాలో ముంచండి. లోపల కూర్చున్నవారు పెడల్‌ను నెమ్మదిగా తొక్కి, ‘పట్టాను’ అనాలి. అప్పుడు మీరు నిప్పల్ పావు చుట్టు వదిలి, ఆయిల్ వచ్చాక బిగించి, ‘వదులు’ అనాలి. బుడగలు ఆగి, కొత్త ఆయిల్ రంగు వచ్చేదాకా ఇలాగే చేయాలి. స్టీరింగ్ కుడివైపు ఉన్న మన కార్లలో మాస్టర్ సిలిండర్ సాధారణంగా కుడివైపే ఉంటుంది గనుక, దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టి దగ్గరి ముందు కుడి చక్రంతో ముగించడం మామూలు వరుస. అయితే ఒక ముందు చక్రాన్నీ, దానికి ఎదురు మూలనున్న వెనక చక్రాన్నీ ఒకే లైనుతో కలిపిన కార్లకు తయారీదారు వేరే వరుస చెబుతాడు, అప్పుడు ఆ వరుసనే పాటించండి. ప్రతి ఐదారు తొక్కుళ్ళకూ రిజర్వాయర్ చూడాలి, అది ఒక్కసారి ఖాళీ అయితే పని మొదటికి వస్తుంది. పెయింటు మీద చుక్క పడితే వెంటనే నీళ్ళతో కడగండి.

మృగశిర కార్తె వచ్చేలోపు ఏటా ఆయిల్ మార్చడం నాకు అలవాటైంది. రెండేళ్ళకొకసారి మార్చినా తప్పులేదు, అంతకు మించి మాత్రం ఉంచవద్దు.

ఎనిమిదో దశ: బిగించి, ప్యాడ్లను కుదర్చడం

చక్రాల నట్లను ఎదురెదురుగా, టార్క్ రెంచ్‌తో బిగించండి; నా సిటీకి అది 108 న్యూటన్ మీటర్లు. కారును కదిలించక ముందే పెడల్‌ను చాలాసార్లు తొక్కి పిస్టన్లను ప్యాడ్ల దాకా తీసుకురావాలి. ఇది మరచి రివర్స్ గేరు వేసినవారి కారు గేటునో గోడనో తాకుతుంది.

కొత్త ప్యాడ్, డిస్కు ఒకదానికొకటి కుదరాలంటే క్రమంగా వేడెక్కించాలి. తెల్లవారుజామున జనం లేని నేరుగా ఉన్న రోడ్డు మీద 60 నుంచి 15 దాకా, చక్రాలు లాక్ కాకుండా ఓ మోస్తరు బలంతో ఎనిమిది పదిసార్లు బ్రేకు వేయండి, మధ్య మధ్య అర నిమిషం చొప్పున నడపండి. పూర్తిగా ఆగవద్దు. వేడెక్కిన ప్యాడ్ ఒకే చోట డిస్కును పట్టుకుని నిలిస్తే అక్కడ మరక పడుతుంది, అది తరువాత వణుకవుతుంది. ముగిశాక పది నిమిషాలు బ్రేకు అంటకుండా నడిపి చల్లార్చండి, హ్యాండ్ బ్రేకు వేయకుండా గేరులో నిలపండి. దీనికి ఔటర్ రింగ్ రోడ్డు తగినది కాదు, వెనక వచ్చే బండ్లు మీరు అలా వేగం తగ్గిస్తారని ఊహించవు.

యాభై కిలోమీటర్ల తరువాత ఒకసారి, ఐదు వందల తరువాత ఇంకోసారి ప్రతి జాయింటునూ పొడి కాగితంతో తుడిచి తడి ఉందేమో చూడండి, నట్లను మళ్ళీ టార్క్ రెంచ్‌తో సరిచూడండి.

ఇంత చేశాక కూడా చాలకపోతే: పెద్ద డిస్కులు

తరచూ ట్రాక్ మీద నడిపేవారికి, ఇంజిన్ శక్తి పెంచినవారికి పెద్ద డిస్కు నిజంగా అవసరం కావచ్చు. అప్పుడు ముందుగా చక్రం లోపలి చోటును కొలవాలి. చాలా పాత కార్లకు 13 లేదా 14 అంగుళాల చక్రాలే ఉంటాయి. కొత్త క్యాలిపర్ బయటి ఆకారాన్ని అట్టముక్క మీద గీసి కత్తిరించి, హబ్ మీద నిలబెట్టి, చక్రం తొడిగి తిప్పి చూడండి. రిమ్ముకు, చువ్వలకు కనీసం మూడు మిల్లీమీటర్ల ఎడం ఉండాలి.

తరువాతిది పిస్టన్ లెక్క. క్యాలిపర్ పిస్టన్ 54 మి.మీ. నుంచి 57 మి.మీ.కు మారితే దాని వైశాల్యం సుమారు 11 శాతం పెరుగుతుంది, అంటే ప్యాడ్‌ను అంతే జరపడానికి మాస్టర్ సిలిండర్ అంత ఎక్కువ ఆయిల్ పంపాలి, పెడల్ అంత కిందికి పోతుంది. దానికి విరుగుడుగా మాస్టర్ సిలిండర్‌ను 20.6 మి.మీ. నుంచి 22.2 మి.మీ.కు మారిస్తే పెడల్ ప్రయాణం తగ్గుతుంది, కాని అదే ఒత్తిడి రావడానికి కాలు సుమారు 16 శాతం ఎక్కువ బలం పెట్టాలి. ఒకటి మార్చి రెండోదాన్ని పట్టించుకోకపోతే పెడల్ మెత్తబడిందనో రాయిలా మారిందనో బాధపడవలసి వస్తుంది.

అన్నింటికంటే ముఖ్యమైనది ముందు వెనకల పంపకం. ముందు బ్రేకుల బలం మాత్రమే పెంచితే ముందు చక్రాలు తొందరగా లాక్ అవుతాయి, వెనక టైర్లు తమ పట్టును పూర్తిగా వాడుకోకుండానే ఉండిపోతాయి, ఆగే దూరం తగ్గకపోగా పెరగవచ్చు. వెనక బలం పెంచడం ఇంకా ప్రమాదం. వెనక చక్రాలు ముందుగా లాక్ అయితే తడి రోడ్డు మీద కారు తోక తిరిగి గిరగిరా తిరుగుతుంది. వెనక డ్రమ్ములు తీసి డిస్కులు వేయించాలనుకునేవారు, వెనక ఒత్తిడిని తగ్గించే ప్రపోర్షనింగ్ వాల్వు కొత్త క్యాలిపర్లకు సరిపోతుందో లేదో లెక్క వేయకుండా ఆ పని చేయించకూడదు. యాంటీ లాక్ వ్యవస్థ లేని కారులో ఈ తప్పును సరిదిద్దేది ఏదీ ఉండదు. మార్పు చేశాక ఖాళీ స్థలంలో తడిపిన నేల మీద, 30 కి.మీ. వేగంతో మొదలుపెట్టి గట్టిగా బ్రేకు వేస్తూ, బయట నిలబడ్డ ఒకరితో ఏ చక్రాలు ముందు లాక్ అవుతున్నాయో చూపించుకోండి. ముందు చక్రాలే మొదట లాక్ అవ్వాలి. వెనకవి అయ్యాయంటే ఆ కారును ట్రాఫిక్‌లోకి తీసుకుపోకుండా, పని చేసినవారి దగ్గరికే తిరిగి నెమ్మదిగా తీసుకెళ్ళాలి.